ఊలా, కాటనా? బెంగళూరులో మొదటి స్వెటర్ దేనితో?

మా అల్లిక గుంపులో కొత్తగా చేరినవాళ్లందరూ ముందు అడిగేది ఇదే. నా ఓటు ఊలుకే. ఊలు పోగు సాగి మళ్లీ వెనక్కి వస్తుంది, అందుకే మన చేతి బిగువు వరసకో రకంగా ఉన్నా ఉతికి ఆరబెట్టేసరికి కుట్లు చాలావరకు సర్దుకుంటాయి. కాటన్‌లో ఆ తేడా అలాగే కనిపిస్తుంది, పైగా సాగే గుణం తక్కువ కాబట్టి వేళ్లు కూడా నొప్పెడతాయి. పోయినేడు 4 మి.మీ. సూదులతో కాటన్ స్వెటర్ అల్లాను, నెల తిరక్కుండానే దాని బరువుకే సాగి తొడల మీదికి దిగింది, చేతుల పట్టీలు వదులైపోయాయి. ఆదివారం కబ్బన్ పార్కులో చెట్టు కింద కూర్చున్నప్పుడు పక్కనున్న అక్క దాన్ని తిరగేసి చూసి, "పట్టీకి ఇంకా సన్న సూది తీసుకోవాల్సిందమ్మా" అని అక్కడే విప్పించింది. నేను విప్పుతుంటే తలా ఒకరు దారం ఉండలు చుట్టిపెట్టారు, ఆ గంట ఎంత హాయిగా గడిచిందో!

పసిపిల్లల టోపీలకీ, ఏప్రిల్ ఎండలకీ మాత్రం కాటనే మేలు: చెమట పీలుస్తుంది, గుచ్చుకోదు. మామూలు ఊలును వేడినీళ్లలో వేసి రుద్దితే కుంచించుకుపోయి అట్టకడుతుంది. చన్నీళ్లలో ముంచి, పిండకుండా టవల్లో చుట్టి నొక్కి, నేలమీద పరిచి ఆరబెట్టండి.