టెంటు సఫారీ ఏది మేలు? ముందు గేటు లోపలా, బయటా అన్నది చూడండి

ఆఫ్రికా సఫారీకి వెళ్దామనుకునేవాళ్లు ఈ మధ్య నన్ను అడుగుతున్నవి రెండే ప్రశ్నలు. కెన్యాలో మసాయ్ మారా మంచిదా, టాంజానియాలో సెరెంగెటీ మంచిదా? మామూలు క్యాంపింగ్ టెంటు సరిపోతుందా, అటాచ్డ్ బాత్రూమ్ ఉన్న టెంటెడ్ క్యాంపే తీసుకోవాలా? పోయిన ఫిబ్రవరిలో అమ్మానాన్నలతో బయల్దేరే ముందు నేనూ వీటితోనే కుస్తీ పట్టాను. వెళ్లొచ్చాక నా అభిప్రాయం గట్టిపడింది. ఈ రెండింటికన్నా ముందు అడగాల్సిన ప్రశ్న ఇంకొకటి ఉంది: మీ టెంటు పార్కు గేటు లోపల వేస్తారా, బయట వేస్తారా? నా లెక్కలో మిగతావన్నీ దీని తర్వాతే.

ఎందుకంటే సింహాలు, చిరుతలు, చీటాలు చురుగ్గా తిరిగేది తెల్లవారుజామునా, సాయంత్రమూ. ఎండ ముదిరేసరికి సింహాలు ఏ తుమ్మచెట్టు నీడకో చేరి పడుకుంటాయి. ఇక సాయంత్రం దాకా కదలవు. గేట్లు తెరిచేది పొద్దున 6 గంటలకు. లోపల పడుకున్నవాళ్లు టీ తాగి జీపెక్కితే చాలు, పది నిమిషాల్లో జంతువుల మధ్య ఉంటారు. బయట పడుకున్నవాళ్లు గేటు దాకా రావాలి, కాగితాలు చూపించాలి, ముందున్న బండ్లు కదలాలి, ఆ తర్వాత మైదానం దాకా వెళ్లాలి. అప్పటికి ఏడున్నర అవుతుంది. అలిపిరిలో గేటు తెరిచేదాకా కారులో కూర్చున్నవాళ్లకీ, కొండమీదే గది దొరికి సుప్రభాతానికి నడిచి వెళ్లేవాళ్లకీ ఉన్నంత తేడా ఇది. సాయంత్రం కూడా అంతే. వెలుతురు బంగారంలా మారి, జంతువులు లేచి కదిలే వేళకి బయటివాళ్లు గేటు మూస్తారన్న టెన్షన్‌తో వెనక్కి పరిగెత్తాలి.

పోనీ బయట ఉన్నందుకు టికెట్ ఏమైనా తగ్గుతుందా అంటే, అదీ లేదు. మారాలో 2024 నుంచి విదేశీయులకు జూలై మొదలు డిసెంబరు వరకు రోజుకు 200 డాలర్లు. జనవరి నుంచి జూన్ వరకైతే 100. ఆ టికెట్ పొద్దున 6 నుంచి సాయంత్రం 6 వరకే చెల్లుతుంది. సెరెంగెటీలో మార్చి మధ్య నుంచి మే మధ్య దాకా కొంచెం తక్కువ, మిగతా కాలమంతా 70 డాలర్లు, దానిమీద 18 శాతం పన్ను. ఇది మాత్రం 24 గంటల టికెట్. ఇంత పోసి కొన్న టికెట్‌లో అన్నిటికన్నా విలువైన గంటన్నర గేటు దగ్గరే పోతే, రాత్రి ఎంత మెత్తటి పరుపు మీద పడుకుని ఏం లాభం?

ఇప్పుడు మారా సంగతి. రిజర్వు విస్తీర్ణం 1,510 చదరపు కిలోమీటర్లు. సెరెంగెటీలో దాదాపు పదో వంతు. చిన్నది కాబట్టి తక్కువ రోజుల్లో ఎక్కువ జంతువులు కనిపిస్తాయి. నైరోబీ నుంచి రోడ్డు మీద ఐదారు గంటల్లో చేరుకోవచ్చు. ముంబై నుంచి నైరోబీకి నేరుగా విమానం ఉంది. నాలుగైదు రోజుల సెలవు మాత్రమే దొరికేవాళ్లకి మారాయే సరైనది, అందులో నాకు రెండో మాట లేదు. చిక్కల్లా ఎక్కడంటే, చవక ప్యాకేజీల్లో ఇచ్చే టెంటెడ్ క్యాంపుల్లో చాలామటుకు సెకెనాని, తాలెక్ గేట్ల బయట ఉంటాయి. కాంక్రీటు గచ్చు, దానిమీద కాన్వాస్ గోడలు, వెనక టైల్స్ బాత్రూమ్, చుట్టూ కంచె. రాత్రిపూట అక్కడ ఎక్కువగా వినిపించేది మసాయ్‌ల ఆవుల మెడగంటలు. అదీ బాగానే ఉంటుంది, కాదనను. కానీ అడవిలో పడుకున్నట్టు ఉండదు. బయటే ఉండాల్సి వస్తే తాలెక్ వైపు చూడండి. తాలెక్ నది ఇవతల క్యాంపు, అవతల రిజర్వు. గేటు చాలా దగ్గర. మారాలో లోపలే టెంటు వేసుకోవాలంటే మారా ట్రయాంగిల్‌లో మంచి క్యాంప్‌సైట్లు ఉన్నాయి. రిజర్వులో మారా నదికి పడమటి భాగం అది. 2001 నుంచి దాని నిర్వహణ వేరుగా జరుగుతోంది, బండ్ల రద్దీ కూడా తక్కువ.

డబ్బుకి వెనకాడనివాళ్లకి మారా చుట్టూ కన్సర్వెన్సీలు ఉన్నాయి: ఓలారే మోటోరోగి, నాబోయిషో, మారా నార్త్ లాంటివి. మసాయ్ కుటుంబాలు తమ భూములు లీజుకిచ్చి నెలనెలా అద్దె తీసుకుంటాయి. క్యాంపులు మాత్రం ఇన్ని ఎకరాలకు ఒక్క టెంటే అన్న లెక్కన నడుస్తాయి. రిజర్వులో నిషేధమైన నైట్ డ్రైవ్, కాలినడక అక్కడ కుదురుతాయి. జంతువు కోసం రోడ్డు దిగి బండి నడపొచ్చు. కాగితం మీద ఇవి రిజర్వుకి బయట ఉన్నట్టే లెక్క, కానీ జంతువులు అక్కడే తిరుగుతాయి, మధ్యలో కంచె ఉండదు. అందుకే నేను వీటిని లోపలి జాబితాలోనే వేస్తాను. ఖర్చు మాత్రం మామూలు క్యాంపుకి కొన్ని రెట్లు.

సెరెంగెటీ 14,763 చదరపు కిలోమీటర్లు. టాంజానియాలో సఫారీలు బయల్దేరే ఊరు అరూషా నుంచి పార్కు నడిమధ్యన ఉన్న సెరొనెరాకి రోడ్డు మీద ఒక పగలంతా పడుతుంది, అందులో సగం దుమ్మే. ఆ దూరమే దానికి పెట్టనికోట. పొద్దున బయట నుంచి వచ్చి సాయంత్రానికి వెనక్కి వెళ్లిపోవడం సెరొనెరాలో సామాన్యంగా కుదరదు కాబట్టి, చవక ప్యాకేజీలో కూడా మిమ్మల్ని లోపలే పడుకోబెట్టాలి. పింబి, న్యాని, తుంబిలి, డిక్ డిక్, ఇలా అక్కడ పబ్లిక్ క్యాంప్‌సైట్లు చాలానే ఉన్నాయి. మనిషికి రాత్రికి 30 డాలర్లు, పైన పన్ను. ఆ డబ్బుకి దొరికేవి టెంటు వేసుకోవడానికి చోటు, కడుక్కోవడానికి చన్నీళ్లు, ఉమ్మడి మరుగుదొడ్లు, వంటకీ భోజనానికీ షెడ్లు. కంచె ఉండదు.

కంచె లేకపోవడమంటే ఏమిటో అక్కడ మొదటి రాత్రే తెలిసింది. వంటషెడ్డుకి నాలుగు వైపులా ఇనుప జాలీ ఉంటుంది. ఒక్కో బృందం వంటవాడు ఒక్కో మూల గ్యాస్ పొయ్యి పెట్టుకుని వండుతుంటాడు, చపాతీల వాసనా ఉల్లిపాయల వాసనా కలిసి వస్తుంటాయి. ఆ జాలీ బబూన్లు, హైనాలు లోపలికి దూరకుండా. తిండి ఏదైనా రాత్రి అందులోనే ఉండాలి. మేం తీసుకెళ్లిన గోంగూర పచ్చడి డబ్బా, కందిపొడి కూడా గైడ్ అడిగి మరీ తీసుకెళ్లి అందులోనే పెట్టాడు. తోలు బూట్లు బయట వదలొద్దన్నాడు, హైనాలు ఎత్తుకుపోతాయట. "ఏమే, ఈ గుడ్డ సింహాన్ని ఆపుతుందా?" అని అమ్మ టెంటు గోడని వేళ్లతో నలిపి చూసింది. జంతువుల కంటికి మూసిన టెంటు ఒక బండరాయి లాంటి అడ్డమేననీ, జిప్పు పూర్తిగా వేసుకుని లోపలే ఉంటే అవి పక్కనుంచి వెళ్లిపోతాయనీ గైడ్ ఓపిగ్గా చెప్పాడు. అర్ధరాత్రి దాటాక తల పక్కనే గడ్డి తెంపుతున్న చప్పుడు మొదలైంది. పర్రుమని ఒక తెంపు, కాసేపు నమలడం, మళ్లీ ఒక తెంపు. మధ్యలో ముక్కుతో బుస్సుమని ఊదడం. జీబ్రాలు. మాకూ వాటికీ మధ్య ఉన్నది ఆ పలచటి గుడ్డ ఒక్కటే. దూరంగా హైనాల కూత, ఇంకా దూరంగా సింహం గర్జన. నాన్న లేచి కూర్చుని తెల్లారేదాకా వింటూనే ఉన్నారు. ఆరు కొట్టగానే బయల్దేరితే, సెరొనెరా నది ఒడ్డున చెట్టుకొమ్మ మీద చిరుత. దాని దగ్గర అప్పటికి ఉన్నది మా బండి ఒక్కటే.

ఈ రాత్రి కోసమే నేను గేటు బయట ఉన్న ఎంత ఖరీదైన క్యాంపునైనా వదులుకుని, లోపల చన్నీళ్ల క్యాంప్‌సైట్ తీసుకుంటాను.

అయినా అందరికీ ఇదే సరిపోతుందని చెప్పను. పబ్లిక్ క్యాంప్‌సైట్‌లో అసలు ఇబ్బంది జంతువులతో కాదు, మరుగుదొడ్డితో. అది టెంట్లకి కాస్త దూరంగా ఉంటుంది. రాత్రి వెళ్లాలంటే ముందు టార్చి చుట్టూ తిప్పి ఎక్కడైనా కళ్లు మెరుస్తున్నాయేమో చూడాలి, గైడ్‌ని లేపి తోడు తీసుకెళ్లాలి. షుగరు ఉన్నవాళ్లకి, రాత్రి రెండు మూడుసార్లు లేచే పెద్దవాళ్లకి ఇది నిజంగా కష్టం. నేల మీద పరుపు మోకాళ్లకి పడదు. నాన్న కోసం మేం మడతమంచాలు ముందే అడిగి పెట్టించాం, ఆపరేటర్లు కొంచెం అదనంగా తీసుకుని ఇస్తారు. మరీ చిన్నపిల్లలు ఉన్నా ఆలోచించుకోండి. కంచె లేని క్యాంపుల్లో కొన్ని ఫలానా వయసు దాటితేగానీ పిల్లల్ని రానివ్వవు.

ఇలాంటివాళ్లకి మధ్యేమార్గం సీజనల్ క్యాంపు. డిసెంబరు నుంచి మార్చి దాకా సెరెంగెటీకి దక్షిణాన ఎన్‌డూటూ దగ్గర, జూలై నుంచి అక్టోబరు దాకా ఉత్తరాన కొగటెండే దగ్గర వేసి, సీజన్ అయ్యాక మేకులతో సహా పీక్కుని వెళ్లిపోతారు. టెంటులోనే మంచాలు, వెనకే మరుగుదొడ్డి. స్నానానికి బక్కెట్ షవర్: మీరు లోపల నిలబడి కేక వేస్తే బయట మనిషి వేణ్ణీళ్లు పైకెత్తి పోస్తాడు. చీకటి పడ్డాక భోజనాల టెంటుకి వెళ్లాలన్నా, తిరిగి రావాలన్నా కాపలా మనిషి లాంతరుతో వెంట వస్తాడు. మేం సెరొనెరా తర్వాత ఎన్‌డూటూలో ఇలాంటి దాంట్లోనే ఉన్నాం. ఫిబ్రవరి అంటే విల్డ్‌బీస్ట్‌లు (మందలుగా తిరిగే పెద్ద జింకజాతి జంతువులు) ఈనే కాలం. రెండు మూడు వారాల్లోనే చాలామటుకు దూడలు పుడతాయి, పుట్టిన కొద్ది నిమిషాలకే లేచి తల్లి వెంట పరిగెడతాయి. ఒక దూడ తడి ఒళ్లు ఆరకుండానే లేచి, పడి, మళ్లీ లేచి నిలబడటం అమ్మ బైనాక్యులర్స్ దించకుండా చూసింది. డబ్బు సర్దుబాటయితే, పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లకి నా ఓటు దీనికే.

వలసలో మారా నది దాటే విల్డ్‌బీస్ట్‌లే చూడాలంటే జూలై చివరి నుంచి సెప్టెంబరు దాకా. దానికి మారానే కావాలని చాలామంది పట్టుబడతారు గానీ, మారా నది సెరెంగెటీ ఉత్తరాన కూడా పారుతుంది. కొగటెండేలో అవే మందలు, అదే నది. టికెట్ మాత్రం మారా 200 డాలర్లలో సగం కూడా ఉండదు. అయితే సెరొనెరా నుంచి అక్కడికి రోడ్డు మీద ఇంకో పూటకు పైగా పడుతుంది, లేదంటే చిన్న విమానం. ఒకే ట్రిప్పులో రెండూ చూద్దామనుకునేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోండి. మారా, సెరెంగెటీ ఒకదాన్నొకటి ఆనుకునే ఉన్నా, మధ్యలో ఉన్న సరిహద్దు దారి టూరిస్టులకి మూసేశారు. సరిహద్దు ఊరు ఇసెబానియా మీదుగా చుట్టి రావాలి. ఈస్ట్ ఆఫ్రికా టూరిస్ట్ వీసా కెన్యా, ఉగాండా, రువాండాలకే పనికొస్తుంది. టాంజానియాకి వేరే వీసా తీసుకోవాలి.

టాంజానియాలోనే ఉన్న ఎన్గోరోన్గోరో, అంటే పాత అగ్నిపర్వతం కూలి ఏర్పడ్డ పెద్ద గొయ్యి (క్రేటర్), గురించి రెండు ముక్కలు. క్రేటర్ అడుగున టూరిస్టులకి టెంట్లు వేయనివ్వరు. అంచు మీద సింబా క్యాంప్‌సైట్ ఉంది. దాదాపు 2,300 మీటర్ల ఎత్తు, జూన్ నుంచి ఆగస్టు దాకా రాత్రిళ్లు ఎముకలు కొరికే చలి. చలికి ఓర్చుకోలేనివాళ్లు కరాటూ ఊళ్లో పడుకున్నా నేను తప్పుపట్టను. లోపలే పడుకోవాలన్న నా పట్టుదలకి ఇదొక్కటే మినహాయింపు. టాంజానియాలోని తరంగీరే పార్కు అక్కడ వానలు లేని కాలంలో ఏనుగులకి బాగుంటుంది, కెన్యాలోని అంబోసేలీ కిలిమంజారో ఫొటోలకి. రెండూ ఒక్కో రాత్రికి సరి. లేక్ మన్యారా టైముంటే చూడండి.

సామాన్లలో ముదురు నీలం, నలుపు బట్టలు తగ్గించండి, కుట్టే సెట్సీ ఈగలు ఆ రంగులకే వస్తాయి. పొడులు, పచ్చళ్లు ప్లాస్టిక్ కవర్లలో కాకుండా డబ్బాల్లో సర్దండి. కెన్యాలో 2017 నుంచి, టాంజానియాలో 2019 నుంచి ప్లాస్టిక్ సంచులు నిషేధం. కెన్యా వెళ్లొచ్చేవాళ్లకి ఎల్లో ఫీవర్ టీకా సర్టిఫికెట్ లేకపోతే తిరిగొచ్చాక ఇక్కడ క్వారంటైన్‌లో పెట్టొచ్చు. ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందే వేయించుకోవాలి.

బుక్ చేసేటప్పుడు ఆపరేటర్ పంపే ప్లాన్‌లో ప్రతి రాత్రికీ క్యాంపు పేరు ఉందో లేదో చూడండి. చాలా ప్లాన్లలో పేరు పక్కనే "ఆర్ సిమిలర్" అని ఉంటుంది. లోపలి క్యాంపు పేరు చూసి మీరు డబ్బు కడతారు, తీరా వెళ్లాక "అలాంటిదే" అని గేటుకి 20 కిలోమీటర్ల బయట దింపుతారు. టెంటు కొలతలు, మెనూ, వైఫై గురించి తర్వాత అడగొచ్చు. ముందు ఆ మాట కొట్టేయించి, క్యాంపు మ్యాప్ లొకేషన్ తెప్పించుకుని, అది గేటుకి ఏ వైపు పడిందో మీ ఫోన్లో మీరే చూసుకున్నాక అడ్వాన్స్ కట్టండి.