యాన్మార్ కేఎం2పీ గేరుబాక్సు: 11 ఏళ్ల వాడకం, ఒక పెద్ద రిపేరు తర్వాత

మా పడవ 1986లో తయారైంది. 31 అడుగుల తెరచాప పడవ. 2014లో కొన్నాం, శాన్ ఫ్రాన్సిస్కో బేలో అలమీడా రేవులో కట్టి ఉంటుంది. లోపల యాన్మార్ 2జీఎం20ఎఫ్ ఇంజను: రెండు సిలిండర్ల డీజిలు, 18 హార్స్‌పవరు. దాని వెనక బిగించి ఉండేదే ఈ కేఎం2పీ గేరుబాక్సు. ఇంజను గురించి అడిగితే ప్రతి పడవాయనా గంటసేపు చెబుతాడు. గేరుబాక్సు సంగతి మాత్రం అది మొరాయించేదాకా ఎవరికీ గుర్తు రాదు. నాకూ రాలేదు. 2019లో అది రివర్సులో బిగుసుకుపోయింది. విప్పి, బాగుచేసి, మళ్లీ ఎక్కించి ఆరేళ్లుగా వాడుతున్నాను. కాబట్టి దీని మంచిచెడ్డలు ఇప్పుడు నమ్మకంగా రాయగలను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఇది గట్టి సరుకు. పాత పడవ చూడ్డానికి వెళ్లినప్పుడు ఇంజను వెనక ఇది కనిపిస్తే కంగారు పడక్కర్లేదు. కానీ ఒక పట్టింపు ఉంది: ఇంజను ఆపి తెరచాపల మీద పోతున్నంతసేపూ లీవరు న్యూట్రల్‌లోనే ఉండాలి. నేను అయిదేళ్లు ఆ పట్టింపు పాటించలేదు.

ఎందుకు పాటించలేదో చెప్పాలి, ఎందుకంటే చాలామంది చేసే పొరపాటే ఇది. తెరచాపల మీద వెళ్తుంటే నీటి వేగానికి ప్రొపెల్లరు తనంతట తనే తిరుగుతుంది. దాంతోపాటు షాఫ్టు తిరిగి, పడవ అడుగున గుర్రుమని ఒకటే మోత. మా పాప పడుకునే బల్ల సరిగ్గా ఆ షాఫ్టు పక్కనే. నాకు తెరచాప కట్టడం నేర్పిన పెద్దాయన "రివర్సులో వెయ్యి, ఆగిపోతుంది" అన్నారు. వేశాను, ఆగింది, పాప పడుకుంది. ఆయన చెప్పింది ఆయన పడవకి తప్పు కాదు. ఆయనది హర్త్ గేరుబాక్సు, లోపల పలకల క్లచ్చు ఉంటుంది. ప్రొపెల్లరు ఆగాలంటే దాన్ని రివర్సులో పెట్టుకోవచ్చని దాని తయారీదారులే చెబుతారు. యాన్మార్ కేఎం వరసకి ఆ వెసులుబాటు లేదు, న్యూట్రల్ ఒక్కటే. బయటినుంచి చూస్తే రెండూ ఒకేలాంటి పెట్టెలు, లోపలి పని వేరు.

ఆ లోపలి పని ఇది. కేఎం2పీలో క్లచ్చు అంటే శంకువు. ముందుకి ఒక గిన్నె, వెనక్కి ఒక గిన్నె, మధ్యలో రెండు వైపులా ఏటవాలుగా చెక్కిన ఇనుప శంకువు. లీవరు ఎటు తోస్తే ఆ గిన్నెలోకి శంకువు దిగి పట్టుకుంటుంది. పైగా ఆ శంకువు కూర్చునే షాఫ్టు పళ్లు నిలువుగా ఉండవు, మెలి తిరిగి ఉంటాయి. బరువు పడేకొద్దీ శంకువు ఇంకా లోపలికి దిగి ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. ఇంజను తిరుగుతున్నప్పుడు అదే దీని గొప్పతనం. చిన్న పెట్టె, స్ప్రింగుల బలంతో పనిలేదు, ఆయిలు పంపు అక్కర్లేదు. కానీ ఇంజను ఆపి రివర్సులో పెట్టి, తెరచాపల మీద ఆరు నాట్ల వేగంతో (గంటకి 11 కిలోమీటర్లు) పోతుంటే నీళ్లు ప్రొపెల్లరుని గంటల తరబడి మెలేస్తూ ఆ శంకువుని గిన్నెలోకి దిగగొడుతూనే ఉంటాయి. ఇంట్లో స్టీలు గ్లాసులు ఒకదాంట్లో ఒకటి పెట్టినప్పుడు ఇరుక్కుపోతాయి చూడండి, అచ్చం అదే.

మొదట్లో ఇంజను స్టార్టు చేయగానే ఆ కుదుపుకి టక్కున వదిలేది. తర్వాత తర్వాత రెండు మూడుసార్లు స్టార్టు చేసి ఆపితే గానీ వదిలేది కాదు. అప్పుడే అనుమానం రావలసింది.

2019 వేసవిలో ఒక శనివారం ఏంజెల్ ఐలాండ్ వెళ్లాం. మధ్యాహ్నం గోల్డెన్ గేట్ లోంచి దూసుకొచ్చే గాలి అక్కడివాళ్లకి తెలిసిందే, 20, 25 నాట్లు మామూలు. ఆ దీవి రేవైన అయాలా కోవ్ ముందు తెరచాపలు దించి ఇంజను వేశాను. లీవరు న్యూట్రల్‌లో ఉంది, పడవ వెనక్కి పోతోంది. లీవరు ముందుకి తోశాను, కదల్లేదు. గట్టిగా తోశాను, ఇంజను ఉక్కిరిబిక్కిరై ఆగిపోయింది. దీవి పక్కనుండే రాకూన్ స్ట్రెయిట్ జలసంధిలో ప్రవాహం మమ్మల్ని పక్కకి లాగేస్తోంది, పడవలో ఇద్దరు పిల్లలున్నారు. ముందు తెరచాప ఒక్కటి విప్పుకుని బయటపడ్డాం. గాలి పడమటిది కావడం మా అదృష్టం, మా రేవుండే ఎస్ట్యువరీలోకి (సముద్రపు పాయలోకి) వెనకగాలితోనే రావచ్చు. రేవు దగ్గర ఒక స్నేహితుడు తన చిన్న మోటారు పడవతో లాగి మా చోట్లో కట్టాడు.

దగ్గర్లో ఉన్న ఒక వర్క్‌షాపువాళ్లని పిలిస్తే చూసి, ఇంత పాతదానికి ఖర్చు దండగ, ఇంజను గేరుబాక్సు రెండూ కొత్తవి వేసేద్దామన్నారు. వాళ్లు చెప్పిన అంకె నేను పడవకి పెట్టిన డబ్బుకన్నా ఎక్కువ. ఇంజను చూస్తే శుభ్రంగా తిరుగుతోంది. నాకు మనసొప్పలేదు. విశాఖ షిప్‌యార్డులో ఫిట్టరుగా పనిచేసి రిటైరైన మా మావయ్యకి వీడియో కాల్ చేసి అంతా చూపించాను. "ఒరేయ్, అది పాడవ్వలేదురా, పట్టేసింది. పాడవ్వడం వేరు, పట్టేయడం వేరు. విప్పు" అన్నారు.

బాగుచేయడం కష్టమనుకుంటారు గానీ అసలు కష్టం బయటికి తీయడంలో ఉంది. ఈ సమీక్ష చదివి పనికి దిగేవాళ్లకి నేను చెప్పదలచుకున్నదంతా ఇక్కడే.

గేరుబాక్సు ఇంజనులోకి ఒక పళ్ల షాఫ్టుతో దిగి ఉంటుంది. అది బయటికి రావాలంటే పెట్టె మొత్తం కొన్ని అంగుళాలు వెనక్కి జరగాలి. వెనక ప్రొపెల్లరు షాఫ్టు అడ్డం. గేరుబాక్సు కొసకి ఒకటి, షాఫ్టు కొసకి ఒకటి ఉండి, బోల్టులతో కలిసే ఇనుప బిళ్లలే కప్లింగులు. వాటి నాలుగు బోల్టులు విప్పి షాఫ్టుని వెనక్కి నెట్టాను. కొంచెం జరిగి, షాఫ్టు కప్లింగు వెళ్లి స్టఫింగ్ బాక్సుకి (షాఫ్టు పక్కనుంచి నీళ్లు లోపలికి రాకుండా ఆపే అమరిక) తగిలి ఆగింది, చోటు చాలలేదు. అంటే షాఫ్టు మీదినుంచి కప్లింగు ఊడాలి. అది 33 ఏళ్ల తుప్పుతో షాఫ్టులో కలిసిపోయి ఉంది. (షాఫ్టుని నెట్టే ముందు దాని మీద ఒక గొట్టం క్లిప్పు గట్టిగా బిగించండి. పడవ నీళ్లలో ఉండగా షాఫ్టు పూర్తిగా జారిపోతే ఆ కన్నంలోంచి సముద్రం లోపలికి వస్తుంది.)

సుత్తి అందుకున్నాను. ఫోన్‌లో మావయ్య కేకేశారు: "సుత్తి పక్కన పెట్టరా! ఆ దెబ్బలన్నీ లోపల బేరింగులు తింటాయి." ఆయన చెప్పిన పద్ధతి ఇది. షాఫ్టు కన్నా సన్నటి బాక్సు పానా ముక్క ఒకటి రెండు కప్లింగుల మధ్య, షాఫ్టు కొసకి ఎదురుగా పెట్టాలి. పాత బోల్టుల స్థానంలో పొడుగు బోల్టులు వేసి, నాలుగూ సమంగా, ఒక్కోదాన్ని పావు చుట్టు చొప్పున బిగించుకుంటూ పోవాలి. కప్లింగు ముందుకి వస్తుంది, ముక్క షాఫ్టుని వెనక్కి నెడుతుంది. అంతకుముందే కప్లింగు పక్కనుండే బిగింపు మరలు తీసేయాలి. ఒకటి మర్చిపోయినా కప్లింగు పగులుతుంది.

బిగించాను. కదల్లేదు. తుప్పు నూనె పోసి రాత్రంతా వదిలేశాను. మర్నాడు బోల్టులు ఇంకొంచెం బిగించాను, కదల్లేదు. అప్పుడు మా అమ్మ ఇరుక్కున్న గ్లాసులు విడదీసే తీరు గుర్తొచ్చింది. లోపలి గ్లాసులో చన్నీళ్లు పోసి, బయటిదాన్ని వేణ్ణీళ్లలో ఉంచేది. వేడిగాలి గన్ను తెచ్చి కప్లింగుని చుట్టూ వేడిచేశాను, షాఫ్టుకి ఐసు ముక్కలు చుట్టిన గుడ్డ కట్టాను. పావుగంట తర్వాత బోల్టుకి పానా వేసి కొంచెం తిప్పానో లేదో టప్పుమని తుపాకి పేలినట్టు చప్పుడు. గోరుమందం కదిలింది. ఆ తర్వాత అరగంటలో కప్లింగు నా చేతిలో ఉంది.

మిగతాది త్వరగానే అయింది. గేరుబాక్సుని పట్టుకునుండే బోల్టుల్లో కింద ఉన్నవి కంటికి కనపడవు, వేళ్లతో తడిమి విప్పాలి. బోల్టులన్నీ తీసినా పెట్టె అంటుకునే ఉంది. రబ్బరు సుత్తితో చుట్టూ నెమ్మదిగా తడితే వదిలింది. స్క్రూడ్రైవరు దూర్చి మాత్రం పెకలించకండి, అల్యూమినియం అంచు గీరుకుపోతే ఆయిలు కారుతూనే ఉంటుంది. ఒక చేత్తో ఎత్తగలిగే బరువే, అయితే బోర్లా పడుకుని చేతులు చాపి ఎత్తాలి, అందుకని పక్కన ఇంకొకరు ఉండాలి.

బల్లమీద పెట్టి విప్పితే అందులో ఉన్నది ఎంత తక్కువో చూసి ఆశ్చర్యపోయాను. పళ్లలో ఒక్కటీ విరగలేదు. బేరింగులు చేత్తో తిప్పితే నూనెలో వేలు తిప్పినంత మెత్తగా ఉన్నాయి. రివర్సు గిన్నె, శంకువు మాత్రం అద్దంలా మెరిసిపోతున్నాయి, ఒకచోట నీలం మరక. ఇంకో పక్క, ముందుకి పోయే వైపు కూడా నునుపుదేరి ఉంది. శంకువు నడుమున వీ ఆకారంలో ఒక గాడి ఉంటుంది. లీవరుకి ఉండే చిన్న ఇనుప ముక్క ఆ గాడిలో నడిచి శంకువుని అటూ ఇటూ జరుపుతుంది. ఆ ముక్క ఒకవైపు అరిగిపోయి ఉంది. అది ఎందుకలా అరిగిందో కేబులు చూశాక తెలిసింది. కేబులు తొడుగు పగిలి, లీవరు ముందుకి పూర్తిగా పోయేది కాదు. అంటే గేరు అరకొరగా పడి, శంకువు జారుతూ నునుపెక్కింది. ఒక్క పెట్టెలో రెండు రోగాలు: రివర్సులో నా అలవాటు వల్ల పట్టేయడం, ముందుకి కేబులు వల్ల జారడం.

ఆ చిన్న ముక్క, సీళ్లు కొత్తవి కొన్నాను. శంకువు, గిన్నెలు పాతవే ఉంచి నూరాను. ఇంజను వాల్వులు నూరే సన్నరకం పేస్టు శంకువు మీద పలచగా రాసి, గిన్నెలో పెట్టి, అటు సగం చుట్టు, ఇటు సగం చుట్టు తిప్పి, ఎత్తి, చోటు మార్చి, మళ్లీ. సానమీద గంధం తీసినట్టు, బరువు వేయకుండా. మెరుపు పోయి చుట్టూ ఒకే వెడల్పున బూడిదరంగు పట్టీ కనిపించేదాకా చేయాలి. ఒక్కో వైపుకి గంట పైనే పట్టింది. తర్వాత కిరసనాయిలుతో మూడుసార్లు కడిగి, తెల్లగుడ్డతో తుడిస్తే గుడ్డకి మరక అంటకూడదు. ఆ పేస్టు రవ్వ ఒక్కటి బేరింగులోకి పోయినా చేసిందంతా వృథా. బేరింగులు మార్చలేదు కాబట్టి వాటి వెనక సర్దుబాటు రేకులు ఏవి ఎక్కడ ఉన్నాయో అక్కడే పెట్టాను.

ఎక్కించేటప్పుడు పళ్ల షాఫ్టుకి, డ్యాంపరుకి (ఇంజను కుదుపుల్ని మింగే పళ్లెం) మధ్య ఎర్రటి తుప్పు పొడి కనిపించింది. శుభ్రం చేసి సన్నగా గ్రీజు రాశాను. కొత్త కేబులు వేసి, న్యూట్రల్ నుంచి లీవరు రెండు వైపులా సమానంగా కదిలేలా సరిచేశాను. ఆయిలు 0.3 లీటరే, రెండు టీ గ్లాసులంత. ఇందులో పోసేది ఇంజను ఆయిలు. హర్త్‌లో పోసే ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్ల ఆయిలు) కాదు, ఆయిలు విషయంలో కూడా ఒకదానికి ఇంకోటని పొరబడేవాళ్లున్నారు. చివరగా కప్లింగుల వరస: నాలుగంగుళాల కప్లింగుకి చుట్టూ ఎక్కడ కొలిచినా సందులో తేడా 0.1 మిల్లీమీటరు దాటకూడదు. పడవ నీళ్లమీద తేలుతుండగానే, ఫీలరు గేజితో (సందు కొలిచే పలచటి రేకులు) కొలవాలి. నాకు ఇది ఒక పూట మింగింది.

ఈ ఆరేళ్లలో 700 గంటలకు పైగా నడిపాను. గేరు చిన్న టక్ శబ్దంతో పడుతుంది, పూర్తి వేగంలో జారదు, ఎదురుగాలిలో అలలు కొట్టినా పట్టు వదలదు. ఏటా ఆయిలు మారుస్తాను, అందులో అరుగుదల తెలిపే బూడిదరంగు జాడ ఇంతవరకు లేదు. నచ్చనివీ ఉన్నాయి. రివర్సు ఎప్పుడూ కొంచెం మొరటుగానే పడుతుంది. శంకువు క్లచ్చుకి మెత్తగా జారవిడుస్తూ గేరు వేయడం చేతకాదు, అలా వేస్తే పాడవుతుంది కూడా. ఇంజను వేగం పూర్తిగా తగ్గించి, ఒక్క ఊపున స్థిరంగా వేయాలి. ఇరుకు రేవులో గబగబా ముందుకీ వెనక్కీ మార్చే అలవాటున్నవాళ్లు ముందు చేతిని మార్చుకోవాలి.

తెరచాపల మీద వెళ్లేటప్పుడు షాఫ్టు ఇప్పుడు తిరుగుతూనే ఉంటుంది, ఆ మోతా ఉంటుంది. స్టఫింగ్ బాక్సు వెనకుండే అరిగిన రబ్బరు బేరింగు పోయిన ఏడాది మార్చాక సగం తగ్గింది. పాప ఇప్పుడు పెద్దదైంది. రాత్రి ప్రయాణాల్లో ఆ చప్పుడు వింటూనే, పడవ ఎంత వేగంలో ఉందో పడుకునే చెప్పేస్తుంది. వెనక సీలు దగ్గర ఈ మధ్య సన్నగా చెమ్మ కనిపిస్తోంది. వచ్చే వసంతంలో పడవ ఒడ్డుకెక్కించినప్పుడు మారుస్తాను. ఈసారి కప్లింగు తేలిగ్గానే వస్తుంది, బిగించే ముందు షాఫ్టుకి గ్రీజు పూశాను.