ఎదిగే నొప్పులా, కీళ్లవాతమా?

ఆదివారం విశాఖ ఆర్కే బీచ్ ఇసుకలో పరుగులు పెట్టిన పిల్లాడు రాత్రి కాళ్లు పీకుతున్నాయని ఏడిస్తే, ఇంట్లో పెద్దవాళ్లు "ఎదిగే వయసు కదా" అంటారు. చాలాసార్లు అది నిజమే. ఆ నొప్పి సాయంత్రమో రాత్రో వస్తుంది. రెండు కాళ్లలోనూ, పిక్కల్లో, తొడల్లో ఉంటుంది. కాసేపు నొక్కితే తగ్గుతుంది. తెల్లారేసరికి మామూలే.

కీళ్లవాతం తీరు వేరు. దీనికి పొద్దున్నే కష్టం. మంచం దిగిన పాప మోకాలు సరిగా చాపలేక, రెయిలింగ్ పట్టుకుని ప్రతి మెట్టుకీ అదే కాలు ముందు పెట్టి దిగుతుంది. కాస్త పొద్దెక్కేసరికి బళ్లో ఆడుతూ ఉంటుంది. దాంతో బడి ఎగ్గొట్టడానికి నాటకం అనుకుంటారు. దయచేసి అలా అనకండి. మోకాలు పట్టుకుని చూడండి, వాచి వెచ్చగా ఉండొచ్చు. చిన్నపిల్లలు నొప్పి అని చెప్పకపోవచ్చు, కుంటడం ఒక్కటే కనిపిస్తుంది. కీలు వాపు 16 ఏళ్లలోపు మొదలై, వేరే కారణం దొరకకుండా కనీసం 6 వారాలు కొనసాగితే డాక్టర్లు ఈ జబ్బని నిర్ధారిస్తారు. ఆర్‌ఏ ఫ్యాక్టర్ అనే రక్తపరీక్ష నెగెటివ్ వచ్చిందని వదిలేయకూడదు, ఈ పిల్లల్లో ఎక్కువమందికి అది నెగెటివే.

ఈ జబ్బులో నన్ను అన్నిటికంటే భయపెట్టేది కన్ను. ఎరుపు, నొప్పి లేకుండానే లోపల వాపు వచ్చి చూపు దెబ్బతినొచ్చు. అందుకే డాక్టర్ చెప్పిన గడువులో స్లిట్ ల్యాంప్ (సన్నని వెలుగుతో కంటి లోపల చూసే) పరీక్ష తప్పదు.

ఎదిగే నొప్పులకైతే ధైర్యం, వెచ్చని కాపడం చాలు. కీళ్లవాతానికి వాపు తగ్గించే మందులు, అవసరాన్ని బట్టి కీలులో ఇంజెక్షన్, మెథోట్రెక్సేట్ అనే మందు. ఈ చివరిది వారానికి ఒక్కసారే, పొరపాటున రోజూ వేస్తే ప్రాణం మీదికి వస్తుంది. పొద్దుటి కుంటడం కనిపిస్తే కేజీహెచ్ ఆసుపత్రి పిల్లల విభాగంలోనో, రుమటాలజిస్ట్ (కీళ్లవాతం డాక్టర్) దగ్గరో త్వరగా చూపించండి.