30 పైసల కరెంటుకు 150 రూపాయలు: కొరాపుట్ యాత్రలో మా కెమెరా బ్యాటరీలు

ఒడిశాలోని కొరాపుట్‌లో లాడ్జివాళ్లు ఇచ్చిన బిల్లు ఇంకా నా పర్సులోనే ఉంది. గది అద్దె 1,600, అదనపు పరుపుకు 200, చివరి వరుసలో చేత్తో రాసిన ‘చార్జింగ్ 150’. మూడు కెమెరా బ్యాటరీలకు ఒక్కోదానికి 50 రూపాయల చొప్పున. డబ్బు తీసుకున్నారు సరే, అవసరమైన వేళకు ఆ చార్జింగ్ కూడా మాకు దక్కలేదు.

డిసెంబరు మూడో వారంలో నేను, నా భార్య, బావమరిది విజయనగరం నుంచి మా కారులో బయలుదేరాం. సాలూరు దాటి సుంకి ఘాట్ ఎక్కి, పొట్టంగి, సిమిలిగుడ మీదుగా సాయంత్రానికి కొరాపుట్ చేరాం. శబర శ్రీక్షేత్రంలో జగన్నాథుడి దర్శనం ప్రశాంతంగా జరిగింది. మొదటి రోజంతా హాయిగానే గడిచింది.

అసలు మేము వెళ్లింది దేవమాలి మీద సూర్యోదయం కోసం. 1,672 మీటర్ల ఎత్తున్న ఆ కొండ ఒడిశాలోకెల్లా ఎత్తైనది. కింద లోయలన్నీ మంచుతో నిండిపోయి, పైన ఒక్క మనమే మిగిలినట్టు ఉంటుందని విని, ఆ దృశ్యం కోసమే మా బావమరిది కొత్త కెమెరా కొనుక్కున్నాడు. అతనిది కెనాన్ ఆర్50, నాది సోనీ ఎ6400. అంతకుముందు నా దగ్గర నికాన్ డి5600 ఉండేది. కెమెరా కంపెనీల సంఘమైన సీపా ప్రమాణం ప్రకారం అది ఒక్క చార్జింగ్‌తో 970 ఫొటోలు తీస్తుంది. మూడు రోజుల ప్రయాణానికి చార్జర్ లేకుండానే వెళ్లేవాణ్ని. ఎ6400కు అదే లెక్క తెర చూస్తూ తీస్తే 410, కంటి దగ్గర పెట్టుకుని తీస్తే 360. పాత కెమెరాలో అద్దం మీద పడిన వెలుతురే నేరుగా కంటికి చేరేది, దానికి కరెంటు అక్కర్లేదు. ఇప్పటి మా రెండూ మిర్రర్‌లెస్, అంటే అద్దం లేని కెమెరాలు. వీటిలో అలా కాదు. ఏమీ తీయకుండా ఊరికే చూస్తున్నా సెన్సరు, తెర పనిచేస్తూనే ఉంటాయి, బ్యాటరీ కరుగుతూనే ఉంటుంది. సుంకి ఘాట్‌లో మలుపు మలుపుకూ ఆగి ఫొటోలు తీయడంతో మా బ్యాటరీలు కొరాపుట్ చేరేసరికి దాదాపు ఖాళీ.

భోజనం ముగించి రాత్రి తొమ్మిదింపావుకు నా రెండు బ్యాటరీలు, బావమరిది బ్యాటరీ ఒకటి మంచం పక్క ప్లగ్గుల్లో పెట్టి పడుకున్నాం. తెల్లవారుజామున మూడున్నరకు లేచి చూస్తే చార్జర్ల మీద ఒక్క దీపం కూడా లేదు. గదిలో లైటు వెలుగుతోంది, ప్లగ్గులకు మాత్రం కరెంటు లేదు. కౌంటర్ దగ్గర నిద్రపోతున్న కుర్రాణ్ని లేపి అడిగితే, రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా ప్లగ్గుల మెయిన్ కట్టేస్తామని, ఎవరూ గదుల్లో హీటర్లు వాడకుండా యజమాని పెట్టిన నియమమని చెప్పాడు. గది ఇచ్చేటప్పుడు ఒక్క మాట చెప్పలేదు. గోడ మీద ఒక్క కాగితం అంటించలేదు. మంచం పక్కన ప్లగ్గు పెట్టిన వారు అది రాత్రి పనిచేయదని చెప్పకపోవడాన్ని నేను మోసమనే అంటాను. కౌంటర్ దగ్గర కరెంటు ఉన్న ప్లగ్గు బోర్డు కనిపిస్తే బ్యాటరీలను అక్కడే ఓ అరగంట పెట్టి, నాలుగింటికి బయలుదేరాం.

పైకి చేరేసరికి గాలి కోసేస్తోంది. తూర్పున ఎరుపు మొదలైనప్పుడు నా కెమెరా తెర మీద బ్యాటరీ 38 శాతం చూపించింది. పది నిమిషాల్లో ఉన్నట్టుండి ఆరిపోయింది. చలిలో లిథియం బ్యాటరీ లోపల రసాయన చర్య మందగిస్తుంది, లోపలి నిరోధం పెరిగి వోల్టేజీ పడిపోతుంది. ఛార్జి ఇంకా మిగిలి ఉన్నా కెమెరా ఖాళీ అయిందనుకుంటుంది. ఆ బ్యాటరీ తీసి చొక్కా లోపలి జేబులో ఒంటికి ఆనించి పెట్టుకున్నాను. రెండోది 900 రూపాయలకు కొన్న చవక బ్యాటరీ, అది నాలుగు ఫొటోలకే చేతులెత్తేసింది. వెచ్చబడిన మొదటి బ్యాటరీని మళ్లీ వేస్తే మరో ఇరవై ఫొటోలు వచ్చాయి, కానీ అప్పటికే సూర్యుడు కొండ మీదికి వచ్చేశాడు.

బావమరిది వీడియో మొదలుపెట్టాడు, మంచు కదలడం మొదలయ్యే సమయానికి అతని బ్యాటరీ అయిపోయింది. కారులో ఉన్న పాత పవర్ బ్యాంకుకు తగిలిస్తే కెమెరా చార్జింగే తీసుకోలేదు. “బావా, ఆరు నెలలు ఎదురుచూశాను” అని ఒక్క మాట అని కారులో కూర్చున్నాడు. జయపురం చేరేదాకా మరి మాట్లాడలేదు. ఆ ఉదయానికి గుర్తుగా మాకు మిగిలిన మంచి ఫొటోలు నా భార్య ఫోనుతో తీసినవే.

గది ఖాళీ చేసేటప్పుడు ఆ 150 చూశాను. ఒక్కో బ్యాటరీ సామర్థ్యం సుమారు ఏడున్నర వాట్ అవర్లు. మూడూ సున్నా నుంచి పూర్తిగా నింపినా, చార్జర్‌లో వృథాతో కలిపి 30 వాట్ అవర్లు వేసుకున్నా, యూనిట్‌లో (వెయ్యి వాట్ అవర్లు) వందకు మూడు వంతులు. యూనిట్ పది రూపాయలనుకుంటే 30 పైసలు. ఈ లెక్క కాగితం మీద రాసి చూపించాను. మేనేజరు చదివి, “అందరి దగ్గరా తీసుకుంటాం” అని కాగితం వెనక్కి ఇచ్చాడు.

జయపురంలో ఆ చేదు పోయింది. బజారులో ఒక చిన్న మొబైల్ దుకాణం ముందు ఆగి ఒడియాలో తడబడుతుంటే, దుకాణదారు నవ్వి తెలుగులో పలకరించారు. తాతల కాలంలో సాలూరు నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబమట. విషయం విని, పవర్ బ్యాంకుతో పాటు కేబులు కూడా చూశారు. ఆర్50కు యూఎస్‌బీ ద్వారా చార్జింగ్ ఎక్కాలంటే పీడీ, అంటే పవర్ డెలివరీ ఉన్న చార్జర్ కావాలి. ఎంత వోల్టేజీ కావాలో చార్జరూ కెమెరా ముందుగా తేల్చుకునే పద్ధతి అది. రెండు చివరలా టైప్ సి ఉన్న కేబులుతోనే అది కుదురుతుంది. మా పాత పవర్ బ్యాంకుకు ఆ సౌకర్యమే లేదు. “ముందు పెట్టి చూసుకోండి బాబూ, ఎక్కితేనే కొనండి” అని కొత్త పెట్టె విప్పి ఇచ్చారు. ఎక్కింది. 10,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు 1,850, కేబులు 250. మేము భోజనానికి వెళ్లి వచ్చేదాకా మిగిలిన బ్యాటరీలు తన బల్ల మీదే చార్జింగ్‌లో ఉంచారు. డబ్బులివ్వబోతే చేయి అడ్డం పెట్టారు.

ఆ భోజనం కూడా చెప్పుకోవాలి. కొరాపుట్ కలాజీరా బియ్యానికి 2024లో జీఐ, అంటే ఫలానా ప్రాంతపు ప్రత్యేక ఉత్పత్తి అనే భౌగోళిక గుర్తింపు వచ్చింది. జీలకర్రలా సన్నగా, నల్లటి పొట్టుతో ఉండే వడ్లవి. అన్నం వడ్డిస్తుంటేనే వాసన తెలిసింది. కూరగాయలు వేసి వండే ఒడియా పప్పు దాల్మాతో కలిపి మనిషికి 140 రూపాయలు. నా భార్య రెండోసారి వడ్డించుకుని, ఇంటికి మూడు కిలోలు కొనిపించింది.

మర్నాడు గుప్తేశ్వరం. సంపెంగ చెట్ల మధ్య మెట్లు, గుహలో పెద్ద శివలింగం, అన్నీ సవ్యంగా జరిగాయి.

అటు వెళ్లేవారు గది మాట్లాడుకునేటప్పుడే రాత్రి ప్లగ్గులు పనిచేస్తాయా అని అడగండి. దేవమాలి కోసమైతే కొరాపుట్ కంటే సిమిలిగుడలో దిగడం మేలు, పొద్దున దూరం తగ్గుతుంది. పవర్ బ్యాంకు మీద 10,000 అని ఉంది కదా, నా 1,020 ఎంఏహెచ్ బ్యాటరీని పదిసార్లు నింపుతుందని లెక్క వేసుకోకండి. ఆ పదివేలు 3.7 వోల్టుల దగ్గర, కెమెరా బ్యాటరీది 7.2 వోల్టులు. వృథా కూడా పోగా మూడు సార్లు నింపితే గొప్ప. ఎ6400 ఆపి ఉంచినప్పుడే లోపలి బ్యాటరీ చార్జింగ్ అవుతుంది, కాబట్టి ఊరి నుంచి ఊరికి వెళ్లేటప్పుడు కారు సాకెట్‌కు తగిలించి ఉంచండి. రెండున్నర, మూడు గంటల్లో నిండుతుంది. ఏర్‌ప్లేన్ మోడ్ వేసి, ప్రీ-ఏఎఫ్ (బటన్ నొక్కకముందే కెమెరా ఫోకస్ చేస్తూ ఉండే ఏర్పాటు) ఆపండి. చవక బ్యాటరీ మాత్రం నేను మళ్లీ కొనను.

తిరుగు ప్రయాణంలో సుంకి ఘాట్ దగ్గర బావమరిది కారు ఆపించి, పవర్ బ్యాంకు భుజానికి తగిలించుకుని లోయను ముప్పావు గంట వీడియో తీశాడు. మళ్లీ కారెక్కాక, ఫిబ్రవరిలో చలి తగ్గకముందే దేవమాలికి ఇంకోసారి వద్దామని అడిగాడు. సిమిలిగుడలో గది ఈసారి తానే ఫోన్ చేసి మాట్లాడతానన్నాడు.