పాతదానికి ఎస్ఎస్‌డీ ఒక్కటే, మిగతా డబ్బు రీఫర్బిష్డ్‌కి

నా పాత డెస్క్‌టాప్‌లో ఉన్నది ఇంటెల్ నాలుగో తరం ఐ5-4590, హెచ్81 మదర్‌బోర్డు, 8 జీబీ డీడీఆర్3 ర్యామ్, ఒక టెరాబైట్ హార్డ్‌డిస్క్. నా పని పేజీ మేకప్, పీడీఎఫ్‌లు తయారుచేయడం. ఆటల జోలికి పోను కాబట్టి గేమర్లకి ఈ రివ్యూ పెద్దగా పనికిరాదు. పాతదాన్ని కొంతవరకు బాగుచేసుకున్నాను, ఎనిమిదో తరం ఐ5-8500 ఉన్న రీఫర్బిష్డ్ మెషీన్ (వాడినదాన్ని సరిచేసి మళ్లీ అమ్మేది) ఒకటి కొన్నాను. రెండూ ఇప్పుడు పక్కపక్కనే నడుస్తున్నాయి.

ముందు పాతదాని జబ్బేమిటో చెప్తాను. ఆన్ చేశాక టాస్క్ మేనేజర్ తెరిస్తే డిస్క్ 100 శాతం దగ్గర అతుక్కుపోయి ఉండేది. సీపీయూ మాత్రం పదీ పదిహేను శాతం దాటేది కాదు. అంటే ప్రాసెసర్ పనిలేక కూర్చుంది, క్యూ అంతా డిస్క్ దగ్గరే. తిరిగే హార్డ్‌డిస్క్ ఒక పెద్ద ఫైల్‌ని వరసగా చదివేటప్పుడు సెకనుకి 100 ఎంబీకి పైగానే ఇస్తుంది. కానీ విండోస్ మొదలయ్యేటప్పుడు అడిగేవి వేలకొద్దీ చిన్నచిన్న ఫైళ్లు. వాటి కోసం డిస్క్ లోపలి హెడ్ అటూ ఇటూ పరిగెత్తాలి. అక్కడ స్పీడు ఒకటి రెండు ఎంబీకి పడిపోతుంది. చిప్పుల్లో డేటా దాచే ఎస్ఎస్‌డీలో తిరిగే భాగమే లేదు, కాబట్టి ఆ పరుగూ లేదు. అందుకే మామూలు సాటా ఎస్ఎస్‌డీ (హార్డ్‌డిస్క్ తగిలించే పోర్టుకే తగిలేది) వేసినా మనిషి మారిపోయాడన్నట్టు ఉంటుంది.

హెచ్81 బోర్డుల్లో ఒక మెలిక ఉంది. నాలుగు సాటా పోర్టుల్లో రెండే 6 గిగాబిట్‌వి, మిగతా రెండూ 3 గిగాబిట్‌వి. ఎస్ఎస్‌డీని వేగమైన 6 గిగాబిట్‌దానికే తగిలించాలి. నా బోర్డు మీద రంగు తేడా ఉంది కాబట్టి ఇబ్బంది పడలేదు. లేకపోతే పోర్టు పక్కన అచ్చేసిన పేరు టార్చి వేసి చదువుకోవాలి. పనిలో పనిగా ప్రాసెసర్ మీది ఫ్యాన్ కూడా విప్పాను. ప్రాసెసర్ వేడిని బయటికి లాగే పాత థర్మల్ పేస్ట్ ఎండిపోయి పెచ్చులుగా ఊడింది. తుడిచి కొత్తది పెట్టాక ఫ్యాన్ హోరు తగ్గింది. తారీఖు మాటిమాటికీ వెనక్కి పోతోందని బోర్డు మీది గడియారాన్ని నడిపే సీఆర్2032 బిళ్ల బ్యాటరీ కూడా మార్చాను. ఖర్చూ తక్కువే, సుఖం మాత్రం చాలా ఎక్కువ.

అక్కడితో ఆగిపోయాను. చాలామంది ఆగరు. ఎస్ఎస్‌డీ ఫలితం చూసిన ఊపులో ర్యామ్, ఐ7 ప్రాసెసర్, కొత్త ఎస్ఎంపీఎస్ (లోపలికి కరెంటు ఇచ్చే పెట్టె) అంటూ పోతూనే ఉంటారు. డీడీఆర్3 స్టిక్‌కి 240 పిన్నులు, డీడీఆర్4కి 288. రేపు బోర్డు పోతే ఆ ర్యామ్ ఇంకే కొత్త మెషీన్‌కీ పట్టదు. అదే సాకెట్‌లో ఐ7-4790 కూర్చుంటుంది, నిజమే. అయినా కోర్లు నాలుగే, థ్రెడ్లు (ఒకేసారి నడిపే పనుల వరసలు) మాత్రం ఎనిమిదవుతాయి. పైగా అది కూడా నాలుగో తరమే. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11కి పనికొచ్చే ఇంటెల్ ప్రాసెసర్ల జాబితా దాదాపుగా ఎనిమిదో తరం నుంచే మొదలవుతుంది, టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు కూడా కావాలి. అడ్డదారిన ఎక్కించేవాళ్లున్నారు. అలా ఎక్కించినవాటికి అప్‌డేట్లు వస్తాయన్న హామీ లేదని మైక్రోసాఫ్ట్ ముందే చెప్పింది. డబ్బు తీసుకుని చేసే పనిని అలాంటి మెషీన్ మీద పెట్టే ధైర్యం నాకు లేదు. పాతదాంట్లో విండోస్ తీసేసి, ఉచితంగా దొరికే లినక్స్ మింట్ వేశాను. బ్రౌజింగ్, ఉత్తరాలు, వీడియోలు హాయిగా నడుస్తున్నాయి. పేజీ మేకప్‌కి వాడే ఇన్‌డిజైన్ లినక్స్‌కి రాదు కాబట్టి నా పనికి రెండో మెషీన్ తప్పలేదు.

ఇక రీఫర్బిష్డ్. డెల్ ఆప్టిప్లెక్స్, హెచ్‌పీ ఎలైట్‌డెస్క్, లెనోవో థింక్‌సెంటర్ లాంటివి ఆఫీసుల్లో కొన్నేళ్లు వాడి మార్చేశాక ఈ మార్కెట్లోకి వస్తాయి. మెషీన్లు గట్టివే. టెన్షన్ అంతా మధ్యలో చేతులు మారేచోటే. నాకు మొదట వచ్చిన పీస్ చక్కగా ఆన్ అయింది, విండోస్ కూడా యాక్టివేట్ అయి ఉంది. బయోస్‌లోకి (విండోస్ కంటే ముందు నడిచే సెట్టింగుల్లోకి) వెళ్దామంటే పాస్‌వర్డ్ అడిగింది. అమ్మినతనికి ఫోన్ చేస్తే, "అది మీకెందుకు సార్, కంప్యూటర్ ఆన్ అవుతోంది కదా" అన్నాడు. ఎందుకంటే రేపు పెన్‌డ్రైవ్‌తో బూట్ చేయాలన్నా, సెక్యూర్ బూట్ అనే సెట్టింగ్ మార్చాలన్నా ఆ తాళం నా చేతిలో ఉండాలి. పాత కంపెనీ పెట్టిన పాస్‌వర్డ్ అతనికీ తెలియదని తర్వాత తేలింది. కాస్త గట్టిగా అడిగితే వేరే పీస్ ఇచ్చాడు.

మార్చుకునేటప్పుడే సన్న పెట్టె వద్దు, టవర్ ఇమ్మన్నాను. ఎస్ఎఫ్ఎఫ్ అనే ఆ సన్న క్యాబినెట్ బల్ల మీద ముద్దుగానే ఉంటుంది. కానీ అందులో సగం ఎత్తు గ్రాఫిక్స్ కార్డే పడుతుంది. అది కూడా స్లాట్ ఇచ్చే 75 వాట్లలోపే బతకాలి. ఎస్ఎంపీఎస్ కాలిపోతే బయట దొరికే మామూలుది పట్టదు. టవర్ తీసుకున్నా ఈ బాధ పూర్తిగా పోదు. ఈ బ్రాండ్ల చాలా మోడళ్లలో బోర్డుకి వెళ్లే కనెక్టర్ మామూలు 24 పిన్నులది కాదు. టవర్‌లో కనీసం చెయ్యి దూరుతుంది.

పనితనం సంగతి నిజాయితీగా చెప్పాలంటే, రోజువారీ వాడకంలో ఎస్ఎస్‌డీ వేసిన పాతదానికీ దీనికీ పెద్ద తేడా తెలియదు. ఇందులో ఉన్న ఎన్‌వీఎంఈ డ్రైవ్ (సాటా కంటే వేగమైన రకం ఎస్ఎస్‌డీ) లెక్కప్రకారం సాటా కంటే కొన్ని రెట్లు వేగం, బూట్ అయ్యేటప్పుడు మాత్రం నాకా రెట్లు కనబడలేదు. తేడా తెలిసేది బొమ్మలెక్కువున్న పుస్తకాన్ని పీడీఎఫ్ చేసేటప్పుడు. ఆరు కోర్లు, 16 జీబీ ర్యామ్ ఉండటం వల్ల అది ఎక్స్‌పోర్ట్ అవుతుండగానే ఇంకో ఫైల్ దిద్దుకోవచ్చు. పాతదాంట్లో విండోస్ ఉన్న రోజుల్లో ఆ సమయంలో మౌస్ కదిపినా విసుక్కునేది.

ఆ 16 జీబీ ఒకే స్టిక్‌గా వచ్చింది. డ్యూయల్ ఛానెల్ (రెండు స్టిక్‌ల మీద ఒకేసారి డేటా నడపడం) కావాలంటే అలాంటిదే ఇంకోటి వేయాలి. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేనివాళ్లకి దానివల్ల ఉపయోగం ఎక్కువ. లోపలి ఎస్ఎస్‌డీ నేనెన్నడూ వినని బ్రాండ్. డ్రైవ్ ఆరోగ్యం చెప్పే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో బాగానే ఉందని చూపించినా తీసి పక్కన పెట్టి, తెలిసిన కంపెనీది వేసుకున్నాను. వెనక హెచ్‌డీఎంఐ లేదు, రెండూ డిస్‌ప్లేపోర్టులే. మానిటర్ పాతదైతే డిస్‌ప్లేపోర్ట్ నుంచి హెచ్‌డీఎంఐకి వెళ్లే కేబుల్ అని స్పష్టంగా అడగండి. చూడ్డానికి అలాగే ఉండే రెండోరకం, అంటే హెచ్‌డీఎంఐ నుంచి డిస్‌ప్లేపోర్ట్‌కి వచ్చేది, ఇక్కడ పనిచేయదు.

మీ పాతది ఎనిమిదో తరమో ఆపైదో అయితే ఈ గొడవంతా అక్కర్లేదు, ఎస్ఎస్‌డీ, ర్యామ్ వేసుకుని వాడుకోండి. కొనేవాళ్లు మాత్రం వారంటీ గడువులోనే ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్86 ఒక రాత్రంతా నడిపి చూడండి. క్యాబినెట్ తెరిచి ర్యామ్ వేసుకుంటే వారంటీ పోతుందా అని కూడా కొనేముందే అడగాలి. నాకిచ్చినతను స్క్రూల మీద సీల్ స్టిక్కర్ అంటించాడు. అది చింపితే ఏమిటని అడిగి, ర్యామ్, డ్రైవ్ మార్చుకోవచ్చని బిల్లు మీదే రాయించుకున్నాను.