ఎనిమిది నెలలు పేపర్ ష్రెడ్డర్ వాడాక చెబుతున్నా

కంపెనీ పేరు రాయడం లేదు, ఎందుకంటే దీన్ని కాస్త తిట్టేది కూడా ఉంది. ఇంట్లో పెట్టుకునే, కాగితాల్ని ముక్కలుగా కోసే చిన్న సైజు క్రాస్ కట్ ష్రెడ్డర్, కింద డబ్బా, పైన మోటారు. అంతే.

కొనడానికి కారణం ఒక లోన్. నేను తీసుకున్నది కాదు. ఒకరోజు క్రెడిట్ రిపోర్ట్ తెరిచి చూస్తే, నేనెప్పుడూ గడప తొక్కని ఒక బ్యాంకులో నా పేరు మీద ఎవరో లోన్‌కి అప్లై చేసినట్టు ఉంది. అది శాంక్షన్ కాలేదు కాబట్టి బతికిపోయాను. నా వివరాలు ఎక్కడి నుంచి బయటికి పోయాయో ఇప్పటికీ తెలీదు, కాగితాల వల్లే పోయాయని ఒట్టేసి చెప్పలేను. కానీ ఆ రాత్రి నిద్ర పట్టక అలమర తెరిస్తే ఐడీ కార్డు జిరాక్సులు పదకొండు, పాత జీతం స్లిప్పులు, ఎప్పుడో మూసేసిన అకౌంట్ల చెక్కుబుక్కులు, ఒక అక్షరం తప్పు పడిందని పక్కన పడేసిన అప్లికేషన్ ఫారాలు బయటపడ్డాయి. అలాంటి ఫారం ఒక్కటి దొరికితే చాలదా ఎవడికైనా? పుట్టిన తేదీ, అడ్రస్, అమ్మ పేరు, ఫోటో, సంతకం అన్నీ ఒకే పేజీలో, అదీ నేనే కుదురుగా రాసిపెట్టినవి. ఇన్నాళ్లూ ఇలాంటివాటిని రెండు ముక్కలు చేసి చెత్తబుట్టలో వేసేదాన్ని. రెండు ముక్కలూ ఒకే బుట్టలో!

ఇక మిషన్ సంగతి. కొనేవాళ్లు చూడాల్సింది ఒక్కటే, అది కాగితాన్ని ఎలా కోస్తుంది అని. చౌకగా దొరికేవి స్ట్రిప్ కట్ రకం, కాగితాన్ని నిలువుగా పొడుగు పేలికల్లా కోస్తాయి. ఆరు మిల్లీమీటర్ల వెడల్పున కోస్తే ఒక ఏ4 కాగితం 35 పేలికలు అవుతుంది, కోత లైన్ల వెంటే పడేలా కాగితం పెడితే పేలిక మీద లైనుకు లైను అలాగే చదువుకోవచ్చు. 1979లో టెహ్రాన్‌లో అమెరికా ఎంబసీని ఆక్రమించినప్పుడు ఎంబసీ సిబ్బంది హడావిడిగా ష్రెడ్డర్‌లో వేసిన రహస్య కాగితాల్ని ఇరానీయులు తివాచీలు నేసేవాళ్లను కూర్చోబెట్టి పేలిక పక్కన పేలిక పేర్చి మళ్లీ చదివేశారు. ఓపిక ఉన్నవాడికి స్ట్రిప్ కట్ ఒక లెక్క కాదు.

క్రాస్ కట్ అయితే అడ్డంగా కూడా కోస్తుంది. బాక్స్ మీద పీ-1 నుంచి పీ-7 వరకు ఏదో ఒక నంబర్ వేసి ఉంటుంది, అది డిన్ 66399 అనే జర్మన్ ప్రమాణం, నంబర్ పెరిగేకొద్దీ ముక్క చిన్నదవుతుంది. నాది పీ-4, అంటే ఒక్కో ముక్క 160 చదరపు మిల్లీమీటర్లకు మించకూడదు. లెక్కేస్తే ఏ4 కాగితం దాదాపు 390 ముక్కలు. పీ-5 అయితే ముక్క 30కి మించకూడదు, కాగితం రెండు వేల ముక్కలు దాటుతుంది. అది ఇంటికి అవసరమా అంటే నా ఉద్దేశంలో కాదు, డబ్బా ఊరికే నిండిపోవడం తప్ప. చిన్న ముక్కల్ని కూడా కలపలేరని కాదు, 2011లో అమెరికా రక్షణ పరిశోధన సంస్థ దార్పా ఇలాంటి పోటీయే పెడితే శాన్‌ఫ్రాన్సిస్కో కుర్రాళ్ల టీం ఒకటి పదివేలకు పైగా ముక్కల్ని ప్రోగ్రామ్ రాసి మరీ అతికించి 50,000 డాలర్లు పట్టుకెళ్లింది. నా జీతం స్లిప్పు కోసం ఎవరూ అంత కష్టపడరులెండి.

ఇప్పుడు తిట్టే భాగం. బాక్స్ మీద ఎనిమిది కాగితాలు ఒకేసారి అన్నారు. పల్చటివి అయితే ఎనిమిదేమో, మామూలు ప్రింటర్ కాగితాలు ఆరు పెడితేనే మూలుగుతుంది, ఏడోది పెడితే ఇరుక్కుంటుంది, రివర్స్ బటన్ నొక్కి బయటికి లాగాలి. ఐదు నిమిషాలు ఆడితే అరగంట రెస్ట్ ఇవ్వాలట, ఈ ముక్క మాన్యువల్‌లో ఎక్కడో చిన్న అక్షరాల్లో ఉంది. మొదటి రోజు అలమర మొత్తం ఒకే ఊపులో కానిచ్చేద్దామని కూర్చుంటే వేడెక్కి ఆగిపోయింది, చెడిపోయిందనుకుని కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి తిట్టాను కూడా. (సారీ ఆ అబ్బాయికి.) శబ్దం మాత్రం భరించలేం. స్టేపుల్ పిన్నులు నములుతుంది కానీ జెమ్ క్లిప్పులు తీసేయాలి. పార్సిళ్ల మీద అంటించే అడ్రస్ లేబుళ్లు అసలు వేయకండి, జిగురు బ్లేడ్లకు పట్టుకుంటుంది. వాటిని విడిగా ఊడదీసి నల్ల మార్కర్‌తో రుద్దేస్తున్నా.

బ్లేడ్లకు అప్పుడప్పుడు ఆయిల్ వేయాలి, ష్రెడ్డర్ల కోసం అమ్మేదే. డబ్బాలో వచ్చే స్ప్రేలు కొట్టొద్దు, మోటారు నిప్పురవ్వకు అంటుకునే ప్రమాదం ఉంది. పిల్లలున్న ఇంట్లో వాడనప్పుడు ప్లగ్ తీసేయడం మంచిది. పాత డెబిట్ కార్డులకు పక్కన వేరే సందు ఉంది, బాగానే కోస్తుంది, కాకపోతే చిప్ మీదుగా బ్లేడ్ పడిందో లేదో చూసుకోవాలి. నాకు ఒకసారి చిప్ చెక్కుచెదరకుండా ముక్కతో పాటు బయటికొచ్చింది, కత్తెరతో కత్తిరించాను.

నా బుద్ధితక్కువ పని ఒకటి చెప్పాలి. ఉత్సాహంలో వారంటీ ఇంకా ఉన్న ఫ్రిజ్ బిల్లు కూడా ముక్కలు చేసేశాను. అప్పటి నుంచి వేయాల్సిన కాగితాలు ఒక అట్టపెట్టెలో వారం రోజులు ఊరబెట్టి, రెండోసారి చూశాకే వేస్తున్నా.

ఇది కాపాడేది మన చేతిలో ఉన్న కాగితాన్నే, అది తెలుసుకునే కొనండి. మనం ఇచ్చిన జిరాక్సు ఎవరి ఆఫీసు టేబుల్ మీద పడుందో, ప్రింట్ కోసం పంపిన ఫైలు షాపు కంప్యూటర్‌లో డిలీట్ అయిందో లేదో దీనికేం పని? నేనైతే ఇప్పుడు జిరాక్సు మీద అడ్డంగా, ఫోటో పక్కగా, ఎవరికి ఇస్తున్నానో, ఎందుకో, ఏ తేదీనో పెన్నుతో రాసి సంతకం పెట్టి ఇస్తున్నా. కొన్నిచోట్ల మొహం చిట్లించి క్లీన్ కాపీ కావాలంటారు. రాసినా వివరాలు కనిపిస్తున్నాయిగా అంటే సగం మంది తీసుకుంటారు. ష్రెడ్డర్ కంటే ఈ అలవాటే నాకు ఎక్కువ పనికొచ్చిందేమో అనిపిస్తుంది, కానీ ష్రెడ్డర్ కొనకపోతే ఆ అలవాటు వచ్చేది కాదు.

ఐదుకి మూడున్నర ఇస్తా. ఆ కాగితాల లెక్క అబద్ధం చెప్పకుండా ఉంటే నాలుగు ఇచ్చేదాన్ని. పాత మెడికల్ రిపోర్టుల సంచి ఒకటి ఇంకా మిగిలే ఉంది, మోటారు చల్లారగానే దాని సంగతి చూస్తా.