క్వెరీ ఖాళీగా వస్తే ఏది మేలు: చేత్తో నడపడమా, లాగ్ చూడడమా?

పేజీలో "ఫలితాలు లేవు" అని వస్తుంది. టేబుల్ తెరిస్తే రికార్డులు కళ్లెదుటే ఉంటాయి. ఎర్రర్ కూడా లేదు కాబట్టి ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలో తోచదు. చాలామంది కోడ్‌లోని క్వెరీని (డేటాబేస్‌ని డేటా అడిగే ఆదేశాన్ని) కాపీ చేసి, క్వెరీలు నేరుగా టైప్ చేసే డేటాబేస్ క్లయింట్‌లో నడుపుతారు. డేటాబేస్ సర్వర్ తనకు వచ్చిన క్వెరీలను రాసుకునే లాగ్ ఆన్ చేసి, అప్లికేషన్ నిజంగా ఏం పంపిందో చూడడం రెండో దారి. ముందు లాగే చూడాలంటాను.

ఎందుకంటే చేత్తో నడిపేది మన క్వెరీ, అప్లికేషన్‌ది కాదు. విలువ మనం టైప్ చేస్తాం, ఫారమ్ నుంచి వచ్చిన చివరి స్పేస్ అందులో ఉండదు. లాగిన్ అయ్యే డేటాబేస్ యూజర్ వేరు, ఒక్కోసారి డేటాబేసే వేరు. క్లయింట్‌లో కొత్త వరస (రికార్డు) ఇన్సర్ట్ చేసి, దాన్ని ఖాయం చేసే కమిట్ మరిచిపోతే ఆ వరస మనకొక్కరికే కనిపిస్తుంది. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో రో లెవెల్ సెక్యూరిటీ (ఏ యూజర్‌కి ఏ వరసలు కనిపించాలో పాలసీలతో నిర్ణయించే ఏర్పాటు) ఉంటే చిక్కు మరీ ఎక్కువ. పాలసీ ఒప్పుకోని వరసలు ఎర్రర్ లేకుండానే మాయమవుతాయి, టేబుల్ ఓనర్‌కి మాత్రం మామూలుగా ఆ పాలసీ వర్తించదు. ఓనర్‌గా నడిపి "నాకు వస్తున్నాయే" అనుకుంటూ ఒక పూటంతా కోడ్ తవ్వాను నేను.

పోస్ట్‌గ్రెస్‌లో లాగ్ స్టేట్‌మెంట్ సెట్టింగ్‌ని 'ఆల్' చేస్తే, మైఎస్‌క్యూఎల్‌లో జనరల్ లాగ్ ఆన్ చేస్తే, వచ్చిన ప్రతి క్వెరీ కనిపిస్తుంది. అసలు లైనే పడలేదంటే అదీ జవాబే: అప్లికేషన్ వేరే సర్వర్‌తో మాట్లాడుతోంది, లేదా ఫలితం క్యాష్ (ముందే దాచుకున్న కాపీ) నుంచి వస్తోంది, లేదా కోడ్ అక్కడిదాకా రానేలేదు. ప్రొడక్షన్‌లో మాత్రం కాసేపే ఉంచి ఆపేయాలి. డిస్క్ నిండుతుంది, పైగా జనం వివరాలన్నీ అందులో పడతాయి.

క్వెరీ చేతికి వచ్చాక క్లయింట్‌కి మించింది లేదు. లాగ్‌లోని విలువలతోనే, అప్లికేషన్ యూజర్‌గానే నడపాలి. పోస్ట్‌గ్రెస్‌లో అందుకు సెట్ రోల్ అనే ఆదేశం ఉంది. అప్పుడు క్వెరీలోని వేర్ (WHERE) భాగంలో ఉన్న షరతులు ఒక్కొక్కటే తీసేస్తూ, వరసలు ఎప్పుడు తిరిగొస్తాయో చూడాలి. నాట్ ఇన్ (NOT IN, అంటే ఈ జాబితాలో లేనివి) లోపలి సబ్‌క్వెరీలో ఒక్క నల్ (విలువ లేని గడి) ఉన్నా మొత్తం ఫలితం సున్నా అవుతుంది. దాని బదులు నాట్ ఎగ్జిస్ట్స్ (NOT EXISTS) రాస్తే ఆ బెడద ఉండదు. తేదీతో పాటు సమయం కూడా ఉండే టైమ్‌స్టాంప్ కాలమ్‌పై 31వ తేదీ నుంచి 31వ తేదీ వరకు అని బిట్వీన్ (BETWEEN) రాస్తే అర్ధరాత్రి 00:00 క్షణం మాత్రమే దొరుకుతుంది, అందుకే ఒక్కరోజు రిపోర్టు ఖాళీగా వస్తుంది. 31వ తేదీ నుంచి మొదలుపెట్టి మర్నాటి తేదీ కంటే తక్కువ అని రాస్తే ఆ రోజంతా వస్తుంది.